ఉప్పు లెక్క

మైకులో మూడోసారి చెప్పాక గానీ
మా వీధి కదల్లేదు.
"బడి బిల్డింగుకి పోండి, బేగి పోండి" అంటూ
గొంతు బొంగురుపోయిన కుర్రాడొకడు
ఆటో వెనక నిలబడి నౌపడ రోడ్డంతా తిరిగాడు.

పాసుపుస్తకం, రేషన్ కార్డు, పిల్ల టీసీ
నూనె డబ్బాలో పెట్టి
మూత చుట్టూ కొవ్వొత్తి కరిగించాను.
మెయిన్ దించాను.
మేకల పలుపులు కోసేశాను,
కట్టేసిన మేకే ముందు చస్తుందని
మా అత్త ఎప్పుడూ అంటుంది.
కుట్టు మిషను మాత్రం మోయలేకపోయాను.
దాని మీద పాత చీర కప్పి
జ్వరమొచ్చిన మనిషికి చెప్పినట్టు
పడుకో, వస్తానన్నాను.

ఆ రాత్రి ఒక్క గదిలో నూట ఇరవై మందిమి.
కిటికీకి అడ్డం పెట్టిన బల్లకి
వీపులానించి మగాళ్లు వంతులు కాశారు.
నడిరాత్రి గాలి టక్కున ఆగింది.
"అయిపోనాది" అని లేచిన కొర్లయ్యని
మా అత్త గున్నమ్మ పంచె పట్టి కూలేసింది.
"కూకోరా. అది పోనేదు. అటు తిరిగి వస్తాది."
తిరిగే వచ్చింది.
ఈసారి రెండో వైపు నుంచి.

తెల్లారి చూస్తే
మడుల గట్టున తాటాకు కప్పిన రాశులు లేవు.
ఏడాది తెల్లదనమంతా
వచ్చిన చోటికే వెళ్లిపోయింది,
పాత బాకీ వసూలు చేసుకున్నట్టు.

ఇంట్లోనేమో
మొలలోతు నీళ్లు తీశాక
మిషను పళ్ల మధ్య, సూది బెజ్జంలో, చక్రం ఇరుసులో
తెల్లగా పేరుకుని
ఉప్పు.
అమ్ముకోవాల్సింది కరిగిపోయింది.
అక్కర్లేనిది అంటుకుపోయింది.

టెక్కలి నుంచి రబ్బానీ మేస్త్రి
సిగ్నల్ ఉన్నంతసేపూ ఫోన్లో అరిచాడు.
"చక్రం తిప్పకమ్మా, విరుగుద్ది!
ముందు మంచినీళ్లు పోసి కడుగు,
తర్వాత కిరసనాయిలు, ఆ తర్వా..."

ముందు మంచినీళ్లు.
ట్యాంకరు ఇంటికి రెండు బిందెలే పోస్తోంది.
బావిలో సముద్రం ఉంది.

నేను బిందెనీ మిషన్నీ మార్చి మార్చి చూస్తుంటే
అత్త ఒక బిందె తెచ్చి నా ముందు దించింది.
"దానికి పొయ్యే. మనకేటి?
పడిపోయిన సెట్లనిండా బొండాలే."
అవి ఆవిడ నాటిన చెట్లు.
కత్తి పట్టుకుని కూలిన మొవ్వు దగ్గరికి నడిచి
చాలాసేపు ఇటు తిరగలేదు.

చెంబుతో కాదు, గరిటెతో పోశాను.
కోడి ఈకతో సందులు తుడిచాను.
కొలతల పుస్తకం ఏ కాగితానికా కాగితం విడదీసి
నీడన పరిచాను.
సావిత్రి జబ్బ కొలత నీలం మరకైపోయింది.
పర్లేదు, ఈ వారంలో అందరం చిక్కిపోయాం,
మళ్లీ కొలవాల్సిందే.

నాలుగోనాడు నష్టం రాసుకునే బాబు వచ్చాడు.
ఇల్లు, పాక్షికం. కొబ్బరి, పదకొండు.
మేకలు వాటంతటవే తిరిగొచ్చాయి, వాటికి గడి లేదు.
"ఉప్పు?"
"నలభై బస్తాలు."
"ఏదమ్మా?"
కరిగినదాన్ని ఎలా చూపించను?
తెగిన తాటాకు చూపించాను.
పెన్ను కదల్లేదు.
మా అత్త లోపల్నుంచి సీవెండి గిన్నె తెచ్చింది,
మిషను మీంచి గీకి అట్టేపెట్టిన పిడికెడు.
"ఇదే మిగిలింది. నాకి సూడు బాబూ, మా ఉప్పేనో కాదో."
అతను నవ్వలేదు.
ఆఖరి గడిలో ఏదో రాశాడు.
ఏం రాశాడో చదివి వినిపించలేదు.

తొమ్మిదోనాడు చక్రం తిరిగింది.
జాకెట్లు పక్కనపెట్టి
ముందు పట్టాలు కుట్టాను,
ఒకటి ఇంటికి, ఒకటి కొర్లయ్య ఇంటికి.
ఇప్పటికీ ఎక్కడో చిన్నగా కరకరమంటుంది.
మేస్త్రి చెప్పబోయిన మూడోది ఏమిటో
నేను మళ్లీ అడగలేదు.
మిషను తల మరలు రెండూ
చేత్తో విప్పేటంత వదులుగా ఉంచాను.
స్క్రూడ్రైవరు ఒకటి
స్టాండుకే దారంతో కట్టాను.
ఈసారి మైకు మొదటిసారి అన్నప్పుడే.